ఏ ఛాయకి ఏ బ్రౌన్? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

జుట్టు రంగు గురించి ఈమధ్య వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం బ్రౌన్ గురించే. ఏ బ్రౌన్, ఎంత బ్రౌన్, నా రంగుకి నప్పుతుందా నప్పదా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. తెల్లగా ఉన్నవాళ్లకి ఇది, నల్లగా ఉన్నవాళ్లకి అది అని రెండు ముక్కల్లో తేల్చేసేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. చూడాల్సింది చర్మం ఎంత తెలుపు, ఎంత నలుపు అని కాదు. దానిలో పసుపు జీర ఉందా, ఎరుపు జీర ఉందా, నీలం తగులుతోందా అని చూడాలి. ఆ తర్వాత మీ జుట్టు ఇప్పుడు ఏ స్థితిలో ఉంది, దానిమీద ఇదివరకు ఏమేం పూశారు అని.

ప్రశ్న: నేను బాగా నల్లగా ఉంటాను. డిగ్రీ చివరి సంవత్సరం. జుట్టుకి బ్రౌన్ వేయించుకుంటానంటే ఇంట్లో "నీ రంగుకి అదేం బాగుంటుందే, ఎబ్బెట్టుగా ఉంటుంది" అంటున్నారు. పార్లర్‌లో అడిగితే నీకు బర్గండీ ఒక్కటే నప్పుతుందన్నారు. నిజంగా నాకు బ్రౌన్ నప్పదా అక్కా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

నప్పుతుంది తల్లీ, చాలా బాగా నప్పుతుంది. నీ ఉత్తరం చదివి నాకు బాధేసింది. ఎందుకంటే ఇదే మాట నల్లగా ఉన్న ప్రతి అమ్మాయికీ ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు, వాళ్లు దాన్ని నమ్మి అద్దం ముందు నిలబడి తమలోనే ఏదో లోపం వెతుక్కుంటారు.

అసలు సంగతి ఇది. జుట్టు రంగుల లెక్కలో 1 అంటే నలుపు, 10 అంటే బాగా లేత బంగారు రంగు. మనలో చాలామంది జుట్టు 1కీ 3కీ మధ్య ఉంటుంది. నల్లటి మొహానికి బ్రౌన్ ఎబ్బెట్టుగా ఉందని మీ ఇంట్లోవాళ్లు ఎక్కడైనా చూసి ఉంటే, అది బహుశా బ్లీచ్ పెట్టి 7, 8 దాకా లాగేసి, కనుబొమల్ని మాత్రం నల్లగా వదిలేసిన జుట్టు అయ్యుంటుంది. అలా చేస్తే పచ్చగా మెరిసే ఛాయ ఉన్నవాళ్లకైనా అతికించినట్టే ఉంటుంది. సొంత రంగు నుంచి రెండు మెట్లు మించి పైకి వెళ్లకపోతే, అంటే నీకు 3 లేదా 4, మహా అయితే చివర్ల దగ్గర 5, ఎబ్బెట్టు అన్న ప్రశ్నే రాదు. నీడలో నల్లగానే ఉంటుంది, ఎండలోకి వచ్చినప్పుడు మాత్రం బ్రౌన్ మెరుస్తుంది. నల్లటి చర్మం మీద ఆ మెరుపు ఎంత అందంగా ఉంటుందో ఒకసారి వేయించుకుని చూడు.

ఇక ఏ బ్రౌన్ అంటే, ముందు నీ ఛాయలోని జీర తెలియాలి. చేతి నరాలు ఆకుపచ్చగా ఉన్నాయా నీలంగా ఉన్నాయా చూసుకోమని అందరూ చెబుతారు గానీ, నల్లటి చర్మం మీద నరాల రంగు సరిగ్గా తెలియదు, దాన్ని వదిలేయి. ఇంట్లో పట్టుచీరలు ఉంటాయి కదా, బంగారు జరీ ఉన్నది ఒకటి, వెండి జరీ ఉన్నది ఒకటి తీసుకో. మొహానికి పసుపు, పౌడరు, క్రీము ఏమీ లేకుండా శుభ్రంగా కడుక్కుని, పొద్దున పూట కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట అద్దం పెట్టుకుని, ముందు ఒక కొంగు, తర్వాత ఇంకో కొంగు గడ్డం కింద పెట్టుకుని చూడు. చూడాల్సింది చీరని కాదు, మొహాన్ని. ఏ జరీ పెట్టినప్పుడు కళ్ల కింది నలుపు తగ్గినట్టు, చర్మం నునుపుగా ఉన్నట్టు అనిపిస్తుందో అది నీ వైపు. మొహం ఎండకి కమిలి ఉంటే తేడా తెలియకపోవచ్చు, అప్పుడు మెడ కింద, జాకెట్టు దాచే చోట పెట్టి చూడు.

బంగారు జరీ నప్పితే నీది వెచ్చని ఛాయ. 4 మీద బంగారు జీర లేదా రాగి జీర ఉన్న బ్రౌన్ అడుగు. డబ్బా మీద చుక్కకి ముందున్న అంకె ఎంత ముదురో చెబుతుంది, చుక్క తర్వాతి అంకె ఏ జీర ఉందో చెబుతుంది. సాధారణంగా .1 అంటే బూడిద, .3 బంగారు, .4 రాగి, .5 మహాగని (ఎరుపు తగిలే ముదురు బ్రౌన్), .6 ఎరుపు. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ మారుతుంది కాబట్టి పార్లర్‌లో చార్టు చూపించమను. కాబట్టి నీకు 4.3, 4.4 లాంటివి. వెండి జరీ నప్పితే, నలుపులో నీలం తగులుతుంటే, ముదురు చాక్లెట్ లేదా మహాగని, అంటే 4.5 దగ్గర. బూడిద జీర ఉన్న యాష్ బ్రౌన్ మాత్రం నీ ఛాయకి వద్దు, మొహం మీద బూడిద చల్లినట్టు కళ తప్పుతుంది.

బర్గండీ సంగతి కూడా చెప్పాలి. నల్ల జుట్టు మీద బ్లీచ్ లేకుండా బాగా కనిపించేది ఎరుపు, అందుకని పార్లర్‌లో ముందు అదే చూపిస్తారు, పని తేలిక. నీకు ఇష్టమైతే వేయించుకో, బాగానే ఉంటుంది, కానీ ఎరుపు మిగతా రంగులకంటే తొందరగా వెలిసిపోతుంది. నీకు బ్రౌన్ కావాలంటే బ్రౌనే అడుగు.

ప్రశ్న: నాది పసిమి ఛాయ. తెల్లగా ఉన్నాను కదా ఏదైనా నప్పుతుందిలే అని గోల్డెన్ బ్రౌన్ వేసుకున్నాను. ఇప్పుడు అందరూ "ఒంట్లో బాలేదా" అని అడుగుతున్నారు.
– గృహిణి, నిజామాబాద్

మీ మొహంలో పసుపు ఉంది, జుట్టులో పసుపు చేరింది, రెండూ కలిసి మీరు పాలిపోయినట్టు కనిపిస్తున్నారు, అంతే. వెచ్చని ఛాయకి వెచ్చని రంగు అన్న సూత్రం చామనఛాయకి, నలుపుకి బాగా పనిచేస్తుంది గానీ పసిమి మొహానికి ఒక్కోసారి ఎదురు తిరుగుతుంది. మళ్లీ మొత్తం కొత్తగా వేయించుకోనక్కర్లేదు. మీరు వేసుకున్న దానికంటే ఒక మెట్టు ముదురుగా, ఏ జీరా లేని మామూలు బ్రౌన్ గానీ, కొద్దిగా బూడిద కలిసిన చాక్లెట్ గానీ పైన వేయించండి, పసుపు అణిగిపోతుంది. బుగ్గల మీద మొటిమల మచ్చలు ఉండి మొహం ఎర్రగా ఉండేవాళ్లు కూడా ఇదే దారిలో ఆలోచించాలి, వాళ్లకి మహాగని, రాగి లాంటివి ఆ ఎరుపుని ఇంకాస్త ఎత్తిచూపుతాయి.

ప్రశ్న: వయసు 46. పదేళ్లకి పైగా గోరింటాకు పెడుతున్నాను, మధ్యలో ఊళ్లో దొరికే నల్ల మెహందీ పొడి కూడా వాడాను. సగం జుట్టు తెల్లబడింది. చామనఛాయ. ఎర్రగా కనబడే జుట్టు విసుగొచ్చింది, మంచి బ్రౌన్ కావాలి.
– టీచర్, గుంటూరు

టీచర్‌గారూ, మీ విషయంలో షేడ్ కంటే ముందు చూడాల్సింది మీ జుట్టు మీద ఇప్పటికే ఏముందని. స్వచ్ఛమైన గోరింటాకు వల్ల ప్రమాదం లేదు. దాని రంగు వెంట్రుకలోని ప్రొటీన్‌ని పట్టుకుని కూర్చుంటుంది, వదలదు, పైన ఏ బ్రౌన్ వేసినా కొంచెం ఎర్రగానే తేలుతుంది. కానీ ఆ పొడి ప్యాకెట్ల సంగతి వేరు. కొన్నింటిలో లోహపు ఉప్పులు ఉంటాయి, అవి డెవలపర్‌లోని (రంగు పట్టడానికి అందులో కలిపే ద్రవం) హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే జుట్టు వేడెక్కి, పొగలు కూడా వచ్చి, తెగి ఊడివస్తుంది. నల్ల మెహందీ అని అమ్మేవాటిలో చాలావరకు పీపీడీ అనే రసాయనం ఉంటుంది, దాని గురించి కింద ఇంకో ఉత్తరానికి రాశాను, తప్పకుండా చదవండి.

కాబట్టి ముందు మెడ వెనక, పైకి కనిపించని చోట నుంచి చిన్న పాయ కత్తిరించి పార్లర్‌కి ఇచ్చి, వాళ్లు వాడబోయే రంగు, డెవలపర్ కలిపి దానిమీద పరీక్ష చేసి చూపించమనండి. వేడెక్కినా, బుడగలు వచ్చినా, రంగు విచిత్రంగా మారినా ఆ జుట్టు పెరిగి కత్తిరించేదాకా రంగు మాట ఎత్తొద్దు. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, ఓపిక పట్టాల్సిందే. పాయ పరీక్ష చెయ్యం, అక్కర్లేదు అనే చోట వేయించుకోకండి.

పరీక్ష బాగుంటే మీకు 4వ నంబరు, ఏ జీరా లేని మామూలు బ్రౌన్, 20 వాల్యూమ్ డెవలపర్‌తో. 20 వాల్యూమ్ అంటే 6 శాతం పెరాక్సైడ్, తెల్ల వెంట్రుక రంగు బాగా పట్టడానికి అది చాలు. లేత బ్రౌన్ ఎందుకు వద్దంటే, తెల్ల వెంట్రుకలో సొంత రంగు లేదు కాబట్టి వేసిన షేడ్ వేసినట్టే తేలుతుంది, పక్కనున్న నల్ల వెంట్రుక దాదాపు నల్లగానే ఉండిపోతుంది, తలంతా గీతలు గీతలుగా కనబడుతుంది. 4 అయితే ఆ తేడా కలిసిపోయి సహజంగా ఉంటుంది. ఉత్త బంగారు జీర షేడ్ వేస్తే తెల్ల వెంట్రుకలు పసుపుగా మెరుస్తాయి, ఉత్త బూడిద వేస్తే వెలవెలబోతాయి. జీర కావాలంటే మామూలు 4లో సగం కలిపి వేయమనండి. చామనఛాయకి కొంచెం బంగారు కలిసిన 4 చాలా హుందాగా ఉంటుంది. ఇంకో లాభం, కుదుళ్ల దగ్గర తెల్లజుట్టు మళ్లీ వచ్చినప్పుడు నలుపు పక్కన కనిపించినంత కొట్టొచ్చినట్టు బ్రౌన్ పక్కన కనిపించదు, పరుగు పరుగున టచప్‌కి వెళ్లాల్సిన టెన్షన్ తగ్గుతుంది.

రసాయనమే వద్దనుకుంటే గోరింటాకు, నీలి ఆకు పొడి కలిపి పెట్టుకునే పద్ధతి ఉంది. గోరింటాకు పొడి టీ డికాక్షన్‌లో కొన్ని గంటలు నానాలి, నీలి పొడి మాత్రం పెట్టుకునే ముందు గోరువెచ్చని నీళ్లలో కలిపి వెంటనే వాడాలి. రెండూ సమానంగా కలిపితే బ్రౌన్, నీలి ఎక్కువైతే ముదురు, గోరింటాకు ఎక్కువైతే ఎర్ర బ్రౌన్. కడిగిన రోజు రంగు చూసి బెంగ పెట్టుకోకండి, రెండు మూడు రోజుల్లో ముదురుతుంది. ప్యాకెట్ మీద ఆకు పొడి తప్ప ఇంకేదైనా రాసి ఉందేమో మాత్రం చూసుకోండి.

ప్రశ్న: నల్ల రంగు వేసుకున్న జుట్టు మీద లైట్ బ్రౌన్ డబ్బా కొని వేశాను. కుదుళ్లు మాత్రం రాగి రంగులోకి వచ్చాయి, మిగతాదంతా నల్లగానే ఉంది. నకిలీ సరుకేమో?
– పాఠకురాలు, రాజమండ్రి

నకిలీ కాదండీ. వేసిన రంగుని ఇంకో రంగుతో లేత చెయ్యడం కుదరదు, సొంత జుట్టుని మాత్రమే చెయ్యొచ్చు. మీ కుదుళ్ల దగ్గర కొత్తగా వచ్చిన జుట్టు లేతబడింది, అదీ మాడు వేడి తగిలేచోటు కాబట్టి ఇంకొంచెం ఎక్కువగా. ఇప్పుడు కుదుళ్లకి 4వ నంబరు బ్రౌన్ వేసి కింద నలుపుతో కలిపేయడం తేలికైన దారి. నలుపు తీసేయాలనుంటే కలర్ రిమూవర్‌తో పార్లర్‌లో చేయించాలి, ఇంట్లో బ్లీచ్ జోలికి వెళ్లకండి. ఇకముందు డబ్బా కొనేటప్పుడు ముందున్న మోడల్ ఫొటో చూడకండి, తిప్పి చూస్తే మీ ఇప్పటి జుట్టు ఇలా ఉంటే ఫలితం ఇలా వస్తుందని చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి, మీరు నమ్మాల్సింది వాటినే.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను, చామనఛాయ. ఇక్కడ అందరూ మష్రూమ్ బ్రౌన్ వేయించుకుంటున్నారు, ఫొటో పట్టుకుని సెలూన్‌కి వెళ్తే బ్లీచ్ లేకుండా కుదరదన్నారు. డబ్బులు లాగడానికేనా? నాకు నప్పుతుందా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

వాళ్లు నిజమే చెప్పారు. నల్ల జుట్టుని లేత చేస్తుంటే ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు బయటపడతాయి, వెంట్రుక లోపల ఉన్నదే అది. మష్రూమ్ బ్రౌన్ 6, 7 స్థాయిలో ఉండే బూడిద రంగు. అక్కడికి చేరాలంటే ఆ నారింజ దాటి రావాలి, ఆపైన నీలం కలిసిన టోనర్‌తో (అక్కర్లేని జీరని అణిచే పూత) దాన్ని అణచాలి, కొన్ని వారాలకి టోనర్ వెలిసి నారింజ మళ్లీ తొంగిచూస్తుంది, మళ్లీ టోనర్. నీలం షాంపూ వాడితే కొంత ఆగుతుంది. ఈ ఖర్చూ తిరుగుడూ మీకు ఇష్టమేనా అన్నది మీరే తేల్చుకోవాలి.

నప్పడం గురించి అడిగారు కాబట్టి సూటిగా చెబుతాను, చామనఛాయకి మొహం చుట్టూ బూడిద రంగు పెడితే ఛాయలోని ఆ బంగారు కాంతి ఆరిపోతుంది. మీరు చూపించిన ఫొటోలో అమ్మాయి చర్మం గులాబీ రంగు తగిలే తెలుపు అయ్యుంటుంది, ఆమెకి బాగుంటుంది. అయినా మనసు అటే లాగుతుంటే, పైన మీ సొంత నలుపు అలాగే ఉంచి, దవడ కిందనుంచి మాత్రమే బలయాజ్ (చివర్లకి వెళ్లేకొద్దీ లేతయ్యేలా పాయల మీద చేత్తో పూసే పద్ధతి) చేయించుకోండి, మొహానికి ఆనుకుని ఉండే పాయల్ని 5 స్థాయిలో తేనె రంగు బ్రౌన్‌గా ఉంచమనండి. సెలూన్‌లో షేడ్ పాయల రింగు ఇస్తారు కదా, అది చేతి మీద పెట్టి చూడకుండా చెంపకి ఆనించుకుని, తలుపు బయటికి వెళ్లి పగటి వెలుతురులో చూసుకున్నాకే సరే అనండి. లోపల లైట్ల కింద అన్నీ బాగానే ఉంటాయి.

ప్రశ్న: రంగు వేసుకున్న రెండోరోజు మాడు దురద, చెవుల వెనక పొక్కులు, కళ్లు కొంచెం వాచాయి. తగ్గిపోయింది. వచ్చే నెల చెల్లి పెళ్లి. ఈసారి అమ్మోనియా లేని బ్రౌన్ వేసుకుంటే పర్వాలేదా?
– పాఠకురాలు, ఖమ్మం

వద్దమ్మా, దయచేసి వేసుకోకండి. మీరు రాసిన లక్షణాలు పీపీడీ ఎలర్జీలా ఉన్నాయి. అమ్మోనియా లేదంటే పీపీడీ లేదని అర్థం కాదు, అమ్మోనియా బదులు ఇంకో క్షారం వాడతారు, పీపీడీ అలాగే ఉండవచ్చు. ఈ ఎలర్జీ ఒకసారి వస్తే జీవితాంతం ఉంటుంది, రెండోసారి మొదటిదానికంటే ఎక్కువగా రావచ్చు, మొహమంతా వాచి ఊపిరి అందని పరిస్థితి కూడా రావచ్చు. ముందు చర్మవైద్యుల దగ్గరికి వెళ్లి ప్యాచ్ పరీక్ష చేయించుకోండి. పీపీడీకి బదులు వేరే రసాయనం ఉన్న రంగులు కూడా పడకపోవచ్చు, కాబట్టి అంగడివాళ్లని కాదు, డాక్టర్‌నే అడగండి. పెళ్లికి జుట్టు నిండుగా కనిపించాలంటే మంచి జడ, పూలు చాలు.

మిగతా అందరికీ కూడా: ఎన్నేళ్లుగా వాడుతున్న రంగు అయినా సరే, వేసుకోవడానికి 48 గంటల ముందు కొంచెం చెవి వెనక గానీ మోచేతి లోపల గానీ పూసి చూడండి. కనుబొమలకి, కనురెప్పలకి జుట్టు రంగు ఎప్పుడూ పూయకండి, కంటిచూపుకే ప్రమాదం.

ప్రశ్న: నాకు 31. పెళ్లి కుదిరింది. గోధుమ వన్నె, అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు. బ్రౌన్ వేయించుకోవాలని ఉంది, మీసం, గడ్డం ఏం చెయ్యాలి?
– పాఠకుడు, కరీంనగర్

తల ఒక రంగు, మీసం ఇంకో రంగు అయితే పెళ్లి ఆల్బమ్‌లో జీవితాంతం అదే కనిపిస్తుంది, కాబట్టి మీసం రంగు కంటే లేత రంగుకి వెళ్లకండి. 3 లేదా 4, జీర లేని బ్రౌన్. గడ్డం కింద చర్మం మాడు కంటే సున్నితం, అక్కడ ఎక్కువసేపు ఉంచకండి, కంపెనీ రాసిన టైం చూసి తీసేయండి. తెల్ల వెంట్రుకలు పదో పరకో అయితే గడ్డాన్ని వదిలేయడమే మంచిది.

పెళ్లికి వారం పది రోజుల ముందు వేయించండి. మొదటి రోజుల్లో రంగు కొంచెం గాఢంగా ఉంటుంది, నుదుటి అంచున అంటిన మరక కూడా ఈలోగా పోతుంది. వేసిన రెండు మూడు రోజులు తలస్నానం ఆపండి. మంగళస్నానాలప్పుడు కుంకుడుకాయ రసంతో గట్టిగా రుద్ది తలంటితే రంగు తొందరగా వదులుతుంది, అమ్మమ్మలకి ముందే చెప్పి పెట్టండి. మీది బోరు నీళ్లయితే ఆఖరి చెంబు మంచినీళ్లతో పోసుకోండి.